రుద్దినా పోని నలుపు

తణుకులో చర్మవ్యాధుల డాక్టరు పురుషోత్తమాచార్యులుగారిని ప్రశ్న అడగడం దండగ. జవాబు చెప్పరు. "కూర్చోమ్మా, ఎవరో ఒకరు వస్తారు" అంటారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమకి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఆ రోజు ఆమె అడిగింది చిన్న ప్రశ్నే. "లావుగా ఉన్న పిల్లలకి మెడ చుట్టూ నల్లగా, మందంగా వస్తుంది కదండీ, దానికి ఏ పూతమందు మంచిది?" ఆయన ఎప్పటిలాగే కూర్చోమన్నారు.

నిజంగానే వచ్చారు. రవణమ్మ అనే పెద్దావిడ, పదకొండేళ్ళ మనవరాలు లిఖితని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. పిల్ల బాగా లావుగా ఉంది. జడ పక్కకి తీసి చూస్తే హైమకి ప్రాణం చివుక్కుమంది. మెడ వెనక నల్లటి పట్టీ, దాని మీద ఎర్రగా గీరుకుపోయిన చారలు.

"చూడండి డాట్రుగారూ, ఎంత మట్టో! వారం వారం సున్నిపిండి పెట్టి, కొబ్బరిపీచుతో చేతులు పడిపోయేలా రుద్దుతున్నాను. వదిలి చావదే! బళ్ళో దీన్ని మసిమెడ అంటున్నారంట. నా పరువు పోతోంది."

ఆచార్యులుగారు దూదిని స్పిరిట్లో ముంచి, గీతలు పడని చోట నాలుగుసార్లు గట్టిగా తుడిచి, ఆ దూదిని రవణమ్మ చేతిలో పెట్టారు. తెల్లగానే ఉంది. ఆవిడ తిప్పి తిప్పి చూసింది.

"పిల్ల శుభ్రంగానే ఉందమ్మా" అన్నారాయన. అంతే, లిఖిత భోరుమంది. ఆ మాట అన్నవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు మరి.

రక్తపరీక్షలో ఇన్సులిన్ బాగా ఎక్కువుంది, చక్కెర హద్దు దాకా వచ్చేసింది. ఒంట్లో ఇన్సులిన్ అలా పెరిగితేనే మెడ దగ్గర చర్మం ఇలా నల్లబడి మందమవుతుందనీ, ఇలాగే సాగితే ఒకటి రెండేళ్ళలో షుగరు జబ్బు రావచ్చనీ ఆయన దాచకుండా చెప్పారు. రవణమ్మ మొహం పాలిపోయింది. "మా ఆయన కాలు తీయించింది ఆ షుగరేనండీ. ఇప్పుడు దీనికి కూడానా?" అని చెంగు నోట్లో కుక్కుకుంది.

"పీచు అవతల పారేసి, దీని చెయ్యి పట్టుకుని రోజూ గంట నడవండి. కూల్‌డ్రింకులూ బిస్కట్లూ ఇంట్లోకి రానివ్వకండి. నెలనెలా కనపడండి" అన్నారు ఆచార్యులుగారు.

రుద్దడంలో చూపించిన పంతమంతా రవణమ్మ ఇందులో పెట్టింది. సున్నుండల డబ్బా పక్కింటికి ఇచ్చేసింది. కొడుకు స్వీట్ల పొట్లం తెస్తే గుమ్మంలోంచే తిప్పి పంపింది. కాలవ గట్టున మామ్మా మనవరాలూ ఆయాసపడుతూ నడుస్తుంటే నవ్వినవాళ్ళు నవ్వారు. "నవ్వితే నవ్వనీ, నువ్వు నడవ్వే" అనేది.

తొమ్మిదో నెలలో ఆవిడ బయట కూర్చున్నవాళ్ళని తోసుకుంటూ, రిపోర్టు కాగితం ఊపుతూ లోపలికి వచ్చింది. "గెలిచామండీ డాట్రుగారూ! అన్నీ మామూలేనంట!" వెనకాలే లిఖిత, జుట్టు పైకెత్తి ముడేసుకుని, ఖోఖో జట్టులోకి తీసుకున్నారని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. హైమ ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. బయట ఉన్నవాళ్ళు ఏమైందోనని తలుపు తోసి చూశారు.

వాళ్ళు వెళ్ళాక హైమ అంది, "నలుపు పలచబడింది గానీ, ఇంకా కాస్త మిగిలుందండీ."

"తొందరేముందమ్మా?" అన్నారు ఆచార్యులుగారు. "ఆ నలుపు చెప్పాల్సింది చెప్పింది. వినేవాళ్ళు దొరికారు. ఇక మెల్లిగా వెళ్తుందిలే."