బావగారికి కోట చూపించిన ముళ్ళపంది

అనగనగా ఒక నది. కొండల మధ్య మెలికలు తిరుగుతూ పారేది. దానికి అటూ ఇటూ దట్టమైన అడవి. ఆ అడవిలో వేటాడకూడదని, చెట్లు కొట్టకూడదని సర్కారువాళ్ళు చుట్టూ బోర్డులు పాతారు. జంతువులకు చదువు రాదు కదా, ఆ బోర్డులకు వీపులు రుద్దుకునేవి. అయినా సంగతి వాటికి ఎలాగో అర్థమైంది. హాయిగా తిరిగేవి.

నది పక్కనే గోడలా నిలబడ్డ ఒక కొండ. ఆ కొండ అంచున పాతకాలం కోట. బురుజులు కూలిపోయాయి. గోడల మీద చెట్లు మొలిచాయి. అయినా కింద నుంచి చూస్తే మబ్బుల్లో కట్టినట్టుండేది.

కొండ కింద పొదల్లో శూలయ్య అనే ముళ్ళపంది, అతని భార్య గరికమ్మ కాపురం ఉండేవారు. శూలయ్య మంచివాడే పిల్లలూ. ఒళ్ళు దాచుకోకుండా దుంపలు తవ్వేవాడు. ఎవరి జోలికీ పోయేవాడు కాదు. ఒక్కటే చిక్కు. ‘నాకు తెలియదు’ అనే మాట అతని నోట్లోంచి వచ్చేది కాదు. వాన ఎప్పుడు పడుతుందని అడిగితే, సాయంత్రానికి పడుతుంది అనేవాడు. పడకపోతే, పడిందిగా, అవతలి ఒడ్డున పడింది అనేవాడు.

ఒకసారి గరికమ్మ అన్న బల్లేశం చుట్టపుచూపుగా వచ్చాడు. అతనిది మైదానం వైపు. అక్కడ చీమల పుట్టను మించిన ఎత్తు లేదు. అతను కోటను చూసి తెరిచిన నోరు చాలాసేపు మూయలేదు.

“బావగారూ, మీరెప్పుడైనా ఆ పైకి వెళ్ళారా?” అని అడిగాడు.

శూలయ్య పుట్టి పెరిగింది ఆ కొండ కిందే. కానీ ఒక్కనాడూ పైకి వెళ్ళలేదు. రోజూ కనబడేదే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకుంటూ గడిపేశాడు. ఆ మాట చెప్తే అయిపోయేది.

“వెళ్ళడమేమిటి బావగారూ. కళ్ళు మూసుకుని వెళ్ళొస్తాను. రేపు మీకు చూపిస్తాను పదండి” అన్నాడు.

గరికమ్మ అతన్ని పొద చాటుకు పిలిచింది.

“ఏమండీ, మీకు దారి తెలియదుగా. తాబేలు తాతను ఒక్క మాట అడిగి బయల్దేరదాం.”

“మీ అన్నయ్య ముందు ఇంకొకర్ని దారి అడగనా? ఇంటి ముందున్న కోటకు దారి తెలియని అల్లుడని మీవాళ్ళంతా చెప్పుకోరూ?”

“మా అన్నయ్య ఎవరికీ చెప్పడండీ. ఆయన మాట్లాడేదే తక్కువ.”

“తక్కువ మాట్లాడేవాళ్ళే అన్నీ గుర్తుపెట్టుకుంటారు” అన్నాడు శూలయ్య.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. గరికమ్మ తినడానికి చిలగడదుంపలు ఆకులో చుట్టి తెచ్చింది. శూలయ్య ముళ్ళు గలగలలాడిస్తూ ముందు నడిచాడు.

నది ఒడ్డున దారి రెండుగా చీలింది. అక్కడ తాబేలు తాత ఎండలో మెడ చాపుకుని కూర్చున్నాడు.

“కోటకా నాయనా? దారి చెప్పమంటావా?” అన్నాడు తాత.

“నాకెందుకు తాతా, తెలుసు” అని శూలయ్య ఎడమ చేతి దారి పట్టాడు.

ఆ దారి కాసేపు బాగానే ఉంది. తర్వాత మెత్తగా ఉంది. ఆ తర్వాత మరీ మెత్తగా ఉంది. ముగ్గురూ పొట్టల దాకా బురదలో దిగిపోయారు.

బల్లేశం మర్యాదగా అడిగాడు. “బావగారూ, ఇదేమిటి?”

శూలయ్య క్షణం ఆలోచించాడు. “ఇదా? రాణిగారు జలకాలాడిన కొలను. పైకి వెళ్ళేముందు దీన్ని చూడాలి.”

“రాణిగారు దీంట్లోనా?” అన్నాడు బల్లేశం, ముక్కు మీది బురద తుడుచుకుంటూ.

“అప్పట్లో నీళ్ళుండేవి.”

గరికమ్మ దుంపల మూట తల మీదికెత్తి పట్టుకుంది.

వెనక్కి వచ్చి రెండో దారి పట్టారు. కొండ వాలు మొదలైంది. ఒక పెద్ద ఇప్పచెట్టు మీద కొండముచ్చు పెద్దమ్మ తన మనవరాలికి పేలు చూస్తోంది.

“కోటకేనా? ఎటు తిరగాలో చెప్పనా?” అని పైనుంచి అడిగింది.

“తెలుసు పెద్దమ్మా, తెలుసు” అన్నాడు శూలయ్య ఆగకుండానే.

కుడివైపు తిరిగాడు. మళ్ళీ కుడివైపు తిరిగాడు. వెదురుపొదల్లో దూరి, బండలెక్కి దిగి, రొప్పుతూ రోజుతూ ఒక పెద్ద ఇప్పచెట్టు దగ్గరికొచ్చారు. దాని మీద ఒక కొండముచ్చు మనవరాలికి పేలు చూస్తోంది.

“ఈ అడవిలో అందరూ ఇదే పని చేస్తారా?” అన్నాడు బల్లేశం ఆశ్చర్యంగా.

“అదే చెట్టు అన్నయ్యా. అదే పెద్దమ్మ” అంది గరికమ్మ.

శూలయ్య గొంతు సవరించుకున్నాడు. “కొండ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గానీ కోటలోకి వెళ్ళకూడదు. మన వైపు ఆచారం.”

“ప్రదక్షిణ చేస్తే చేశావు గానీ, ఇప్పుడైనా చెప్పనా నాయనా?” అంది కొండముచ్చు పెద్దమ్మ.

శూలయ్య వినిపించనట్టు నడిచాడు. ఈసారి ఎడమవైపు తిరిగాడు. అలా ఎక్కి ఎక్కి, మధ్యాహ్నానికి ఒక నిలువు బండ కిందికి చేరారు. ఆ బండ మీదే కోట గోడ. పైకి చూస్తే కనబడుతోంది. కానీ ఎక్కే దారి మాత్రం ఎక్కడా లేదు. బండ పక్కన ఒక ముసలి ఉడుము రాతి మీద బోర్లా పడుకుని ఎండ కాగుతోంది.

అప్పుడే శూలయ్యకు బండలో ఒక సన్నటి పగులు కనబడింది. లోపల చీకటి. అవతలి చివర కొంచెం వెలుతురు.

“వచ్చేశాం బావగారూ” అన్నాడు. “రాజుగారి రహస్య సొరంగం. శత్రువులు వస్తే ఇందులోంచే తప్పించుకునేవాడు. ఇది ఎవరికీ తెలియదు.”

ఉడుము ఒక కన్ను తెరిచింది. “అబ్బాయ్, అది...”

“నాకు తెలుసండీ” అని శూలయ్య తల దూర్చాడు.

బల్లేశం వెనకే వెళ్ళబోయాడు. గరికమ్మ చెల్లెలి హక్కుతో అతని కాలు పట్టి లాగింది.

శూలయ్య గబగబా ముందుకు పోయాడు. పగులు ఇరుకైంది. ముళ్ళు అణుచుకుని ఇంకొంచెం పోయాడు. అవతలి వెలుతురు దగ్గరికి వచ్చి మూతి బయట పెట్టాడు. చల్లటి గాలి ముఖాన కొట్టింది. కిందికి చూశాడు.

కింద ఏమీ లేదు. ఎంతో లోతున నది తీగలా కనబడుతోంది. అతని ముందుకాలి కింది రాయి ఊడి పడిపోయింది. అది నీళ్ళలో పడ్డ చప్పుడు వినబడలేదు.

శూలయ్య వెనక్కి జరగబోయాడు. కదల్లేకపోయాడు. ముళ్ళపంది ముళ్ళు తోక వైపుకు వాలి ఉంటాయి కదా పిల్లలూ. ముందుకు పోతుంటే ఊరుకుంటాయి. వెనక్కి వస్తే గుచ్చుకుంటాయి. పైగా భయమేసిందా, అన్నీ ఒక్కసారే లేచి నిలబడ్డాయి. సీసాకు బిరడాలా బిగుసుకుపోయాడు.

చాలాసేపయింది.

“బావగారూ, సొరంగం ఎలా ఉంది?” అని బల్లేశం కేకేశాడు.

“చాలా బాగుంది” అంది లోపలి గొంతు. “గాలి బాగా వస్తోంది. కాసేపు కూర్చుని వస్తాను.”

ఇంకొంత సేపయింది. మరో రాయి ఊడి పడింది.

గరికమ్మ పగులు దగ్గర నోరు పెట్టి మెల్లగా అడిగింది. “ఏమండీ, ఇరుక్కుపోయారా?”

“లేదు.”

గరికమ్మ పగులుకు చెవి ఆనించింది.

“కొంచెం” అన్నాడు శూలయ్య.

ఎన్నాళ్ళ కాపురమో, ఆయన గొంతు అలా వణకడం గరికమ్మ ఎప్పుడూ వినలేదు.

“గరికా, ఆ ఉడుముగారు ఉన్నారా?”

“ఉన్నారు. మీరే అడగండి.”

చివరికి శూలయ్య అన్నాడు. “ఉడుముగారూ, నాకు ఇందులోంచి ఎలా రావాలో తెలియదు. ఈ దారీ తెలియదు. అసలు నేను కోటకు ఎప్పుడూ వెళ్ళలేదు. మీరు కాస్త చెప్తారా?”

ఉడుము లేచి వచ్చింది. “అబ్బాయ్, అది సొరంగం కాదు. నేను పడుకునే పగులు. ఇందాకే చెప్పబోయాను. సరే, ఒక మాట. నిన్ను వెనక్కే లాగాలి. లాగితే ముళ్ళు ఊడతాయి.”

“అన్నీనా?”

“అది నీ భయాన్ని బట్టి. ఎంత నెమ్మదిగా ఉంటే అన్ని మిగులుతాయి.”

శూలయ్యకు తన ముళ్ళంటే ప్రాణం. అయినా కళ్ళు మూసుకుని “లాగండి” అన్నాడు.

ఉడుము పగుల్లోకి దూరి, అతని వెనక కాలు నోట కరిచి, గోళ్ళతో రాయిని పట్టుకుంది. ఉడుము పట్టు సంగతి మీకు తెలిసిందే. దాని తోక బల్లేశం పట్టుకున్నాడు. బల్లేశాన్ని పట్టుకుందామంటే ముళ్ళు గుచ్చుకుంటాయి. అందుకని గరికమ్మ నోటితో పని అందుకుంది.

“ఏమండీ, రాత్రికి చిలగడదుంపలు కాల్చనా, పచ్చివే పెట్టనా?”

“ఇప్పుడా అడిగేది?” అంది లోపలి గొంతు.

“చెప్పండి మరి. కాలిస్తే అడుగు మాడనివ్వనా, మాడకుండానా?”

“కొంచెం మాడనీ. అంచులు నల్లబడితే రుచి. మీ అమ్మ అలాగే...”

దుంపల ధ్యాసలో పడి ముళ్ళు మెల్లగా అణిగాయి. ఉడుము ఒక్క గుంజు గుంజింది. శూలయ్య టక్కున బయటికొచ్చి ముగ్గురి మీదా పడ్డాడు. ఎడమవైపు ముళ్ళన్నీ పగుల్లోనే ఉండిపోయాయి. ఆ పక్క నున్నగా, గులాబీ రంగులో ఉంది.

బల్లేశం అతన్ని చూశాడు. నవ్వలేదు. గాలి తగలకుండా అతనికి ఆ పక్కగా నిలబడ్డాడు, అంతే.

“పైకి దారి ఎటండీ?” అని శూలయ్యే అడిగాడు.

“ఇదిగో” అని ఉడుము తన రాతి వైపు తల ఊపింది. అది అంతసేపూ పడుకున్నది మొదటి మెట్టు మీద. దాని వెనక తుప్పల్లో మెట్లు వరసగా పైదాకా ఉన్నాయి. ఉడుము కూడా వాళ్ళ వెంట ఎక్కింది.

కోటలో రాళ్ళు తప్ప పెద్దగా ఏమీ లేవు. విరిగిన ద్వారం, గోడను చీల్చుకుని పెరిగిన మర్రిమొక్క, గడ్డి మొలిచిన ధాన్యపు గది. కానీ అంచున నిలబడితే నది మొత్తం కనబడింది. వంపు తర్వాత వంపు, ఎక్కడో ఆకాశంలో కలిసిపోతూ. బల్లేశం మళ్ళీ నోరు తెరిచాడు.

“బావగారూ, ఇంత కోట ఎవరు కట్టించారు?”

గరికమ్మ ఆకాశం వైపు చూసింది. శూలయ్య నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

“నాకు తెలియదు బావగారూ” అన్నాడు. అని ఉడుము వైపు తిరిగాడు. “మీకు తెలుసాండీ?”

“నాకూ తెలియదు” అంది ఉడుము. “నేను వచ్చేసరికే కూలిపోయి ఉంది.”

నలుగురూ పడీపడీ నవ్వారు. దుంపలు పంచుకుని తిన్నారు. గరికమ్మ మొగుడి నున్నటి పక్కకు వెళ్ళి ఆనుకుని కూర్చుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

నీతి: తెలియకపోతే నామోషీ లేదు, తెలిసినట్టు నటిస్తేనే ముప్పు. ఒక్క మాట అడిగితే తీరే పనికి ఒళ్ళు చీరుకోనక్కర్లేదు.