మడ అడవిలో గాజు పిల్లలు

అనగనగా, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చే చోట ఒక మడ అడవి. అక్కడి పాయలో నీళ్ళు కషాయంలా నల్లగా ఉంటాయి. ఒరేయ్, అటు జరక్కండి. ఈ కథకి దగ్గరగానే కూర్చోవాలి.

ఒకనాటి పోటుకి ఆ పాయలోకి కళ్ళు కొట్టుకొచ్చాయి. అవును, కళ్ళే. ఒళ్ళు లేనట్టే ఉంది. బాగా దగ్గరికెళ్ళి చూస్తే అప్పుడు తెలిసింది, ఒళ్ళు గాజు పీలికలా ఉందని. అవి చేపపిల్లలు. వాటిలో ఇద్దరు అన్నదమ్ములు, మినుకు, రవ్వ.

బురద బొరియలో ఒక ముసలి మలుగుపాము ఉండేది, అంటే పాములా పొడుగ్గా ఉండే చేప. అది వాళ్ళని చూసి మురిసిపోయింది. తనూ చిన్నప్పుడు అచ్చం ఇలాగే గాజు పీలికలా ఉండేదట. అందుకని వీళ్ళు తన పిల్లలేనని తేల్చేసింది. గాజు ఒంటితో ఎవరొచ్చినా మలుగు పిల్లలే అనుకోవడం ఆ పాయలో అలవాటు. పాపం, ఆ అవ్వ మనసులో కల్మషమేమీ లేదు.

రోజూ సాయంత్రం పైన ‘గుబుక్’మని చప్పుడయ్యేది. నీటి అంచున ఒక పెద్ద నోరు తెరుచుకుని, మూసుకుని, మాయమైపోయేది. అది పిల్లల్ని మింగే దెయ్యమని, పైకి మాత్రం పోవద్దని అవ్వ చెప్పింది. పిల్లలు మడచెట్ల వేళ్ళ మధ్య దాక్కునేవాళ్ళు.

ఇంకో వింత జరిగింది. పెరగాల్సిన పిల్లలు కురచైపోసాగారు. చచ్చిపోతున్నానని మినుకు ఏడ్చాడు. తనకీ చిన్నప్పుడు అలాగే అయిందని అవ్వ ఓదార్చింది. ఆ మాట నిజమే. కొన్నాళ్ళకి పిల్లల ఒంటికి వెండి పొలుసులొచ్చాయి.

ఎండాకాలం వచ్చింది. పాయ సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేసింది. నీళ్ళు కదలక కుళ్ళిపోయాయి. పిల్లలకి ఊపిరాడటం లేదు. అప్పుడే ఒక సన్నటి వెండి చేప మిగిలిన చిన్న సందులోంచి సముద్రానికి పారిపోతూ వీళ్ళని చూసి ఆగింది. ఆ జాతిని లేడీఫిష్ అంటారు.

“మీ తోకలు చీలి ఉన్నాయి, మలుగు తోక చూడండి, చీలికే లేదు. మీ గడ్డం కింద ఎముక రేకుంది, నాకూ ఉంది. నేను మీకు పిన్నిని అవుతాను,” అంది. “కానీ మీ వీపు రెక్క చివర దారం మొలుస్తోంది. నాకది లేదు. మీరు టార్పన్లనే చేపలు. నేను గాలి తాగలేను, అందుకే పారిపోతున్నాను. మీరు తాగగలరు. పైకి వెళ్ళండి.”

పైనేమో ఆ నోరుంది. అవ్వ కంగారుగా బొరియలోంచి తల బయటపెట్టింది.

“వద్దు నాయనా, మింగేస్తుంది. నా దగ్గరికి రండి. నేను ఏటా ఎండాకాలం ఈ బురదలోనే బతుకుతున్నాను కదా.”

రవ్వ బొరియలోకి వెళ్ళాడు. మినుకు కళ్ళు మూసుకుని పైకి ఈదాడు.

పక్కనే ఆ నోరు తెరుచుకుంది. మినుకు కళ్ళు తెరిచి చూశాడు. నోటి వెనక ఒళ్ళుంది. వెండి పొలుసులు, చీలిన తోక, వీపు మీద పొడుగు దారం ఉన్నాయి.

“నెమ్మదిగా తాగరా,” అంది ఆ పెద్ద చేప. “అలవాటవుతుంది.”

మినుకు గుబుక్‌మని గాలి తాగాడు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే కిందికి దిగి, బొరియ దగ్గర తమ్ముణ్ణి పిలిచాడు. లోపల చీకట్లోంచి అవ్వ గొంతు మెల్లగా వినిపించింది.

“అరవకు నాయనా. వాడు నిద్రపోతున్నాడు.”

వానలొచ్చాయి. ఇసుక మేట తెగింది. నీళ్ళు తేటపడ్డాయి. బొరియలో గాలి అందని రవ్వ మాత్రం ఇక బయటికి రాలేదు. ఎప్పుడడిగినా అవ్వ అదే మాట చెప్పేది.

మినుకు పెద్దవాడయ్యాడు. ఇప్పుడు పాయలోకి కొత్త కళ్ళు కొట్టుకొస్తే, గాలి కోసం పైకి పోయే ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళి తోక చూపిస్తాడు. పైన కనిపించే నోరు తనదేనని చెబుతాడు. కొందరు నమ్ముతారు. కొందరు బొరియ వైపే చూస్తుంటారు. వాళ్ళని వదిలి పైకి పోవడానికి మినుక్కి మనసొప్పదు.

నీతి: మన మీద ప్రేమున్న వాళ్ళ దారైనా మనకి సరిపడకపోవచ్చు, మనమెవరమో తెలుసుకుని మన దారి ఎంచుకోవాలి.