రాజుగారి నెత్తి మీద బజారు

మణికుండ రాజధానిలో వీరకేసరి మహారాజు నేల కింద రైలు వేయించాడు. రాజుల కాలంలో రైలేమిటని అడిగేవాళ్లు, ఆ ఊరి నడిబొడ్డున ఏనుగుల మధ్య ఇరుక్కుని ఒక పూట గడిపి ఉంటే తెలిసొచ్చేది.

స్టేషన్ సరిగ్గా గాజుల బజారు కింద ఉంది.

"మొదటి రైలు నేనే ఎక్కుతాను," అన్నాడు రాజు.

సభంతా చప్పట్లు కొట్టింది. మర్యాదల అధికారి శంభుదేవుడు మాత్రం గొంతు సవరించుకున్నాడు. కొలువులో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎంత వంగాలో చెప్పే ఉద్యోగం ఆయనది. తనకు తెలియని మర్యాద లేదని ఆయనే చెప్పుకునేవాడు.

"మహాప్రభూ! తమకంటే ఎత్తులో ఎవరూ ఉండకూడదు. తమరు కింద రైల్లో, గాజులవాళ్లు పైనా! తమ నెత్తి మీద బేరాలాడతారా? బజారు ఖాళీ చేయించాలి."

"చేయించండి," అన్నాడు రాజు. ఆయన మనసంతా రైలు మీదే ఉంది.

కొలువులో విదూషకుడు కేతన్న ఈ మాటలన్నీ విన్నాడు. అతని అక్క తిమ్మక్క పిల్లల్ని సాకుతున్నది ఆ బజారులో గాజుల కొట్టు పెట్టుకునే. ఆమె ఒక్కతే కాదు, గాజులవాళ్లంతా వీధిన పడతారు. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"భేషైన మాట. ప్రభువుకంటే పైన నిలబడ్డవాళ్లకు ఏం శిక్ష వేద్దాం, అధికారిగారూ?"

"దేశ బహిష్కారం!"

"ఎవరైనా సరేనా?"

"మా నాన్నగారైనా సరే," అన్నాడు శంభుదేవుడు మీసం దువ్వుతూ.

"ప్రభూ, బజారు ఖాళీ అయ్యేలోగా స్టేషన్ మెట్లు దిగి చూడండి. మెట్లకు పైన ఆకాశం తప్ప ఏమీ లేదు కదా. అధికారిగారు పద్ధతి ప్రకారం తీసుకొస్తారు. నేను ముందే వెళ్లి కింద ఉంటాను."

రాజు సంబరంగా బయల్దేరాడు. మర్యాద ప్రకారం శంభుదేవుడు తెల్ల గొడుగు పట్టి వెనకే నడిచాడు. నాలుగు మెట్లు దిగారో లేదో, కింద ప్లాట్‌ఫారం మీదినుంచి కేతన్న కేక పెట్టాడు.

"ఆగండి ప్రభూ! తమకంటే ఎత్తులో ఎవరో ఉన్నారు!"

రాజు వెనక్కి తిరిగి తలెత్తి చూశాడు. పై మెట్టు మీద శంభుదేవుడు.

శంభుదేవుడు గబుక్కున రాజును దాటి కింది మెట్టు మీదికి దూకాడు.

"ప్రభువుకు వీపు చూపించారు," అన్నాడు కేతన్న.

శంభుదేవుడు ఒక మెట్టు ఎక్కి రాజు పక్కన నిలబడ్డాడు.

"ప్రభువుతో సమానమయ్యారు."

శంభుదేవుడికి ముచ్చెమటలు పట్టాయి. ఎటు కదిలినా తప్పే.

రాజు నవ్వాపుకుంటూ, "ప్రయాణం ఎప్పుడు, శంభుదేవా? రైలు ప్రయాణం కాదు, పొలిమేర దాటే ప్రయాణం," అన్నాడు.

"మహాప్రభూ! ఆ మర్యాద నేల మీద మాత్రమే! నేల కిందికి దిగాక పైనా కిందా పట్టింపు లేదు. ఎవరు పైనున్నా తప్పు కాదు!"

కేతన్న చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అన్నాడు:

"అయితే గాజుల బజారు పైనున్నా తప్పు కాదని అధికారిగారే సెలవిచ్చారు, ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు సొరంగం చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. బజారు ఎక్కడిదక్కడే ఉండాలని ఆజ్ఞ వేసి, మెడలోని ముత్యాలహారం తీసి కేతన్న మెడలో వేశాడు. రైలెక్కి అతన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. సమానమయ్యాడని శంభుదేవుడు నోరెత్తితే ఒట్టు.