నీడలో ఆరో కొమ్మ

ఎవరైనా ఒక బొమ్మ తెచ్చి మీ ముందు పెట్టి "ఎలా ఉంది?" అని అడిగితే, మీరు ముందు కళ్లు తెరుస్తారా, నోరు తెరుస్తారా? తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పండి. ఈలోగా మసకకోన అడవిలో ఏం జరిగిందో వినండి.

మసకకోనలో ఎండాకాలంలో కూడా తెల్లవారేసరికి మంచు దిగుతుంది. అక్కడ కొండముచ్చులు, ఉడతలు, అలుగులు, నెమళ్లు, మూషిక జింకలు ఉండేవి. మూషిక జింక అంటే కుందేలంత ఉండే బుల్లి జింక. దానికి కొమ్ములుండవు. భయం మాత్రం బోలెడు.

ఆ అడవి నడుమ నల్లగా, నున్నగా ఒక బండ నిలబడి ఉండేది. దాన్ని చూపుబండ అనేవాళ్లు. ఏ జంతువైనా ఒక చోటును రెప్ప వేయకుండా చూసి, పరుగున వచ్చి బండకు నుదురు ఆనిస్తే, చూసింది చూసినట్టు బండమీద బొమ్మగా తేలేది.

అలాంటి బండలు చుట్టుపక్కల కోనలన్నిటిలోనూ ఉన్నాయి. ఒక బండమీద తేలిన బొమ్మ అన్ని బండలమీదా కనిపిస్తుంది. బండకు చెంప ఆనించి ఒక మాట అంటే, ఆ మాట అన్ని బండల్లోంచీ వినిపిస్తుంది. గొంతులు వస్తాయి. ముఖాలు రావు. ఏ గొంతు ఎవరిదని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

బొమ్మ వద్దనుకుంటే పెట్టినవాళ్లే తడి ఆకుతో తుడిచేయాలి. ఇంకెవరు తుడిచినా పోదు.

మసకకోనలో బొమ్మల మంచిచెడ్డలు తేల్చేది వన్నెలయ్య అనే నెమలి. ఆయన పురి విప్పితే బొమ్మ బాగున్నట్టు. తోక ముడిచి వెనక్కి తిరిగితే బాగోలేనట్టు. మొదట్లో వన్నెలయ్య నిజంగానే బొమ్మల్ని చూసేవాడు. రానురాను బొమ్మల్ని చూడటం మానేసి, తనను ఎంతమంది చూస్తున్నారో చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు వానలు పడలేదు. వాగులు ఎండిపోయాయి. చివరికి అడవి అంచున అద్దాలమడుగు ఒక్కటే మిగిలింది. అంతకుముందు అటువైపు ఎవరూ వెళ్లింది లేదు. మర్నాడు మధ్యాహ్నం పిల్లాజెల్లా అందరూ కలిసి అక్కడికే నీళ్లకు పోవాలని అనుకున్నారు. ముందుగా చోటు ఎలా ఉందో చూసి రమ్మని గోగి అనే మూషిక జింకను పంపారు. అది నడిస్తే ఎండుటాకు కూడా చప్పుడు చేయదు.

గోగి మడుగు దగ్గరికి వెళ్లి ఒక పొద వెనక ఆగింది. గాలి లేదు. పిట్ట కూత లేదు. నీటి మీదికి ఒక ఎండిన మద్దిచెట్టు వంగి ఉంది. నీళ్లు తేటగా ఉన్నాయి. గోగి నాలుక అంగిలికి అంటుకుపోతోంది. నాలుగు అడుగులు వేస్తే కడుపునిండా తాగొచ్చు.

దాని కాళ్లు కదలలేదు. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇక్కడ ఏదో తేడా ఉంది. ఏమిటది? కంటికి కనిపిస్తూనే ఉంది, బుర్రకు అందడం లేదు.

వణుకుతూనే రెప్ప వేయకుండా చూసింది. వెనక్కి తిరిగి ఒక్క పరుగున వచ్చి బండకు నుదురు ఆనించింది.

బండమీద బొమ్మ తేలింది. చెట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది. కింది సగమంతా మసక.

"ఏం గోగీ, పడిపోతూ చూశావా?" అన్నాడు తోకన్న అనే కొండముచ్చు. ఉడతలు కిచకిచా నవ్వాయి.

వన్నెలయ్య బండకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. మెడ కొంచెం తిప్పి, "అమ్మాయ్, ఇది మడుగా, పొయ్యి దగ్గర మసిగుడ్డా?" అన్నాడు. "చూసే కళ్లు లేనివాళ్లు బండను ముట్టుకోకూడదు." తోక ముడిచేశాడు.

 గోగి అయినా అడిగింది. "బొమ్మ అందంగా లేదని నాకూ తెలుసు వన్నెలయ్యగారూ. అందం గురించి అడగడం లేదు. అక్కడ ఏదో తేడా ఉంది. ఒక్కసారి చూసి చెప్పండి."

"చూశాను కదా."

"మీరు ఇటు తిరగనే లేదు."

"అబ్బో, వన్నెలయ్యకే చూడటం నేర్పుతోందండీ," అన్నాడు తోకన్న. మళ్లీ నవ్వులు.

అంతలో బండలోంచి గొంతులు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి కోనల నుంచో, ఎవరెవరివో.

"తీసెయ్."

"దీన్ని ఎవరు పెట్టనిచ్చారు?"

"మా కళ్లు పోయేలా ఉన్నాయి. తీసెయ్."

ఆ గోలలో ఒక గొంతు మాత్రం నెమ్మదిగా, ముద్దుగా వచ్చింది. మాటకూ మాటకూ మధ్య నీటిబుడగలు పగులుతున్న చప్పుడు. "తీసెయ్ తల్లీ. ఎవరికీ చూపించకు. పాపం, దాహంతో ఉన్నారు. రానీ అందరినీ."

గోగి చెవులు నిలబడ్డాయి. చుట్టూ చూసింది. ఎవరి నవ్వులో వాళ్లున్నారు. ఆ గొంతును ఎవరూ పట్టించుకోలేదు. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే తప్పు తనదే అయ్యుంటుంది అనుకుంది. మంచుకు తడిసిన ఆకు ఒకటి నోట కరుచుకుని బండ దగ్గరికి నడిచింది.

"ఆగు తల్లీ. నేనింకా చూడలేదు."

పొలుసమ్మ వచ్చింది. పొలుసమ్మ ముసలి అలుగు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు. ఎక్కడికైనా అందరికంటే చివర్లో చేరుకుంటుంది.

"అందులో చూడటానికేముంది అవ్వా?" అన్నాడు వన్నెలయ్య.

"ఏముందో చూస్తే కదా నాయనా తెలిసేది."

అవ్వ బండ ముందు చతికిలబడింది. ఒక ఊపిరి పీల్చి వదిలింది. రెండు. మూడు. ఉడతలకు విసుగొచ్చింది. ఏడో ఊపిరి దాకా అవ్వ నోరు విప్పలేదు.

"మా అమ్మ రోజుల్లో బండ ముందు ఏడు ఊపిరులు చూశాకే ఎవరైనా మాట్లాడేది," అంది. "మీరు ఊపిరి పీల్చకముందే తీర్పు చెప్పేస్తున్నారు. గోగీ, ఇలా రా. బొమ్మ ఒరిగింది. కింద మసకగా ఉంది. అది నిజం, నీ దగ్గర దాచను. కానీ చెట్టునూ, నీళ్లలో దాని నీడనూ, రెంటినీ కొసల దాకా పట్టావు. అంత వణుకులో అది చిన్న పని కాదు. ఎక్కడ నిలబడ్డావు?"

"పొద వెనక, అవ్వా. భయమేసింది," అంది గోగి ఆకును పళ్ల సందునే పట్టుకుని.

"ఎందుకేసిందో చూద్దాం. పైన చెట్టుకు కొమ్మలెన్ని?"

గోగి లెక్కపెట్టింది. "ఐదు."

"కింద నీడకు?"

గోగి మళ్లీ లెక్కపెట్టింది. నోట్లోని ఆకు జారి కిందపడింది. "ఆరు."

నవ్వులు ఆగిపోయాయి.

"మసకలో అలాగే కనిపిస్తుందిలే," అన్నాడు తోకన్న. గొంతు మాత్రం తగ్గింది.

"అయ్యుండొచ్చు," అంది అవ్వ. "అందుకే ఇంకోసారి చూడాలి. గోగీ, రేపు ఎండ వచ్చాక వెళ్లు. చెట్టుకు ఎదురుగా ఏదైనా రాయి ఉంటే ఎక్కు. కాళ్లు వణికితే ఒళ్లు రాయికి ఆనించుకో, చూపు నిలుస్తుంది. నేనూ వస్తాను." తర్వాత బండ వైపు తిరిగింది. "ఇందాక నేను వస్తుంటే ఇందులోంచి ఒక తడి గొంతు వచ్చింది. అన్ని కోనలూ ఎండిపోయాయి కదా. అంత తడి ఎవరి దగ్గరుంది?"



"అవ్వకు చెవులు కూడా పాడైనట్టున్నాయి," అని వన్నెలయ్య వెళ్లిపోయాడు.

మర్నాడు ఎండ వచ్చాక గోగి, పొలుసమ్మ మడుగుకు వెళ్లారు. చెట్టుకు ఎదురుగా ఒక రాయి ఉంది. గోగి రాయెక్కి, ఒళ్లు ఆనించి, నిలకడగా చూసింది. వెనక్కి వచ్చి బండకు నుదురు పెట్టింది. ఈసారి బొమ్మ తిన్నగా వచ్చింది.

అడవంతా నీళ్లకు బయలుదేరడానికి అక్కడే గుమికూడి ఉంది. అందరూ చూశారు. చెట్టుకు ఐదు కొమ్మలు. నీడకు ఆరు. ఆ ఆరోది మొదలును తాకడం లేదు. నీటి అడుగు నుంచి పైకి వచ్చింది. దాని కొస రెండుగా చీలి, పెదవుల్లా కొంచెం తెరుచుకుని ఉంది.

ఏ ఉడతా నవ్వలేదు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

"వన్నెలయ్యగారేరి?" అంది గోగి.

తోకన్న తల దించుకున్నాడు. "ఇందాకే కొండదారిన మడుగుకు పోయాడు. అందరూ తాగి నీళ్లు బురద చేయకముందే తన పురి చూసుకోవాలట."

గోగికి మసిగుడ్డ మాట గుర్తొచ్చింది. పోనీలే అనిపించింది. ఒక్క క్షణమే. తర్వాత దాని కాళ్లు వాటంతటవే మడుగు వైపు పరుగెత్తాయి.

అది చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఎవరి నీడ వాళ్ల కాళ్ల కింద దాక్కునే వేళ. వన్నెలయ్య ఒడ్డున నిలబడి నీళ్లలోకి చూస్తున్నాడు.

"వన్నెలయ్యగారూ, వెనక్కి రండి. నీడకు నిజంగానే ఆరు కొమ్మలున్నాయి."

"మళ్లీ ఆ వంకర బొమ్మ గొడవేనా?" ఆయన తల తిప్పలేదు. "చూడు, అందమంటే ఎలా ఉండాలో."

ఆయన పురి విప్పాడు.

నీళ్లలోని నెమలి విప్పలేదు. అది పైకి, ఆయన ముఖంలోకి చూసింది. తోక ముడిచింది. వెనక్కి తిరిగింది.

"ఇదేమిటి," అంటూ వన్నెలయ్య ఇంకొంచెం వంగాడు.

నీళ్లలో చప్పుడు కాలేదు. ఒక్క అల కూడా లేవలేదు. ఒడ్డు మీద మాత్రం ఎవరూ లేరు.

గోగి కదలలేక అక్కడే నిలబడి లెక్కపెట్టింది. చెట్టుకు ఐదు. నీడకు ఏడు. ఆ ఏడో కొమ్మ నిండా నీలం కళ్లు. ఒక్కటీ రెప్ప వేయడం లేదు.

ఆ రోజు మసకకోనలో ఎవరూ నీళ్లు తాగలేదు. మర్నాడూ తాగలేదు. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. మంచు పట్టిన ఆకుల్ని నాకి నాలుక తడుపుకున్నారు.

మూడో రోజు పొద్దున మినుకు అనే ఉడత బండకు నుదురు ఆనించింది. తేలింది ఏవో రాళ్ల బొమ్మ. అంతా అలికేసినట్టుంది. మినుకు అప్పుడే తడి ఆకు కోసం వెతుక్కుంటోంది.

బండలోంచి గొంతు వచ్చింది. బుడగలు పగులుతున్నాయి. "తీసెయ్. చూసే కళ్లు లేనివాళ్లు బండను ముట్టుకోకూడదు."

 ఆ గొంతు అందరికీ తెలుసు. వన్నెలయ్యది. నీళ్లలో నానిపోయి ఉంది.

గోగి ముందుకు వచ్చి బండకు చెంప ఆనించింది. బండ చల్లగా, చెమ్మగా తగిలింది.

"వన్నెలయ్యగారూ, ఈ బొమ్మలో మీరేం చూశారు? ఒక్కటి చెప్పండి చాలు."

బదులు రాలేదు. బుడగలు, బుడగలు. ఆ తర్వాత అవి కూడా ఆగిపోయాయి.

గోగి బొమ్మ ముందు కూర్చుంది. ఏడు ఊపిరులు. ఈసారి దానితో పాటు అడవంతా ఊపిరులు లెక్కపెట్టింది.

"మినుకూ, ఇది పరుగెత్తుతూ చూశావు కదూ? అందుకే అలికినట్టొచ్చింది," అంది గోగి. "అయినా ఆ రాళ్ల సందున పచ్చగా ఉన్నది నీ ఒక్కదాని కంటబడింది. ఇన్నాళ్లుగా మేమెవరం పచ్చదనం చూడలేదు. ఎక్కడిది?"

"తేనెగుట్ట వెనకాల. మీరు కూడా నవ్వుతారేమో అనుకున్నా అక్కా."

"పద. ఈసారి దగ్గరగా వెళ్లి, ఆగి చూడు. మేమూ వస్తాం."

పచ్చగా ఉన్నది నాచు. నాచు కింద చెమ్మ. పొలుసమ్మ తన గోళ్లతో తవ్వింది. కొండముచ్చులు రాళ్లు లాగి పడేశాయి. పొద్దు వాలేలోపు సన్నటి ఊట పొంగింది. నీళ్లలో ఎవరి ముఖం వాళ్లకు కనిపించింది. తల వంచితే అదీ వంచింది. అది చూసుకున్నాకే తాగారు. మొదటి గుక్క మినుకుది.

అప్పటినుంచి మసకకోనలో గోగి మాట వినకుండా ఏ బొమ్మా తుడవరు. గోగి పురి విప్పదు, తోక ముడవదు. బాగున్నది చెబుతుంది, బాగోలేనిదీ చెబుతుంది, ఎక్కడ నిలబడితే ఇంకా బాగా కనిపిస్తుందో కూడా చెబుతుంది. అద్దాలమడుగులో చెట్టు నీడకు ఎనిమిదో కొమ్మ రాలేదు. తడి గొంతు మాత్రం ఇంకా అప్పుడప్పుడూ పలుకుతుంది, ఏ కోనలో ఎవరు తొందరపడతారా అని.

మీ అరచేతిలో కూడా నల్లటి నున్నటి బండ ఒకటి ఉంది కదూ? అందులోనూ బొమ్మలు వస్తాయి, గొంతులు వస్తాయి, ముఖాలు రావు.

నీతి: చూడకుండా అన్న మాట చూపించినవాళ్ల ధైర్యాన్ని తుడిచేస్తుంది, చూసి దయగా చెప్పిన లోపం వాళ్లకు దారి చూపిస్తుంది, అందుకే ఈ రోజు ఎవరి బొమ్మ మీ ముందుకు వచ్చినా, ఏడు ఊపిరులు ఆగి చూడండి, అప్పుడు మాట్లాడండి.