హక్కులన్నీ రాసి అంటించిన పెట్టె

మండపేటలో ఉన్న తెలివంతా తన ఇంట్లోనే ఉందని గవర్రాజు అంటాడు. నిజమే అంటాడు తమ్ముడు పోతురాజు. ఇద్దరూ అంటున్నారంటే నిజమే అయ్యుంటుందని గవర్రాజు భార్య సుబ్బాయమ్మ అంటుంది. ఒకే ఇంట్లో ఇంతమంది సాక్షులు దొరికాక ఇంకేం కావాలి! ఆ ముగ్గురూ కలిసి ఫోటో స్టూడియో నడుపుతారు.

ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళు, వ్రతాలు, షష్టిపూర్తులు అన్నీ వాళ్ళ స్టోరేజీ సర్వర్లోనే ఉంటాయి. పేరు చూసి బెదిరిపోకండి, అదొక నల్లపెట్టె. స్టూడియోలోని కంప్యూటర్లన్నీ దానికే తగిలి ఉంటాయి. అది కాస్తా నిండిపోయింది. అంతే, కొత్త పెట్టె తెచ్చారు. కాకినాడ నుంచి రేష్మా అనే ఇంజినీరమ్మ వచ్చి పాతదాన్లోవన్నీ కొత్తదాన్లోకి ఎక్కించింది.

సరిగ్గా అప్పుడే మాణిక్యాంబ గారు దిగారు.

"ఒరే గవర్రాజూ, మా ఆయన షష్టిపూర్తి వీడియో ఆదివారానికి కావాలి. మా తమ్ముడు దత్తుడు అసలు మా గడపే తొక్కలేదని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. వచ్చాడు, బంతిలో కూర్చున్నాడు, ఏడు బూరెలు తిన్నాడు. ఎనిమిదోది జేబులో వేసుకున్నాడు. అంతా నువ్వే తీశావుగా! చుట్టాలందరి ముందూ వేసి చూపించాలి. లేకపోతే అబద్ధాలకోరునని నాకే పేరొస్తుందిరా." ఆవిడ కళ్ళు నిజంగానే తడిశాయి.

"ఆ బూరెలకి నా ప్రాణం అడ్డు అమ్మగారూ!" అన్నాడు గవర్రాజు.

రేష్మా వెళ్తూ వెళ్తూ జాగ్రత్తలు చెప్పింది. "ఎవరు ఏ ఫోల్డరు తెరవొచ్చో పెట్టెకి చెప్పాలి సార్. అందరికీ అన్నీ ఇవ్వకండి. తుడిచేసే హక్కు ఒక్కరికే ఉండాలి. ఫైళ్ళతో రోజూ పని ఉన్నవాళ్ళకి మాత్రం వద్దు, పొరపాటున నొక్కేస్తారు. పాత పెట్టెని వేరే ఇంట్లో భద్రం చెయ్యండి, ఇది పాడైతే అదే దిక్కు. లైటు ఆకుపచ్చగా ఉన్నంతసేపూ భయం లేదు."

"ఇంత చిన్నదానికి అంత చెప్పాలా!" అని నవ్వుకున్నారు ముగ్గురూ.

పెట్టెకి చెప్పడమెలా? రాసిస్తే పోలా! సుబ్బాయమ్మ పెద్ద అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఎవరి హక్కులు వాళ్ళకి రాసింది.

"దీనికి కళ్ళెక్కడున్నాయే?" అన్నాడు గవర్రాజు.

"వెనకాల చూడన్నయ్యా, ఎన్ని చిల్లులో! ఇన్ని కళ్ళున్నది చదవలేదా?" అన్నాడు పోతురాజు. అంతే, గాలాడే చిల్లులన్నీ మూసుకుపోయేలా అట్టని జిగురు పెట్టి అంటించారు.

పోతురాజుకి పెళ్ళిళ్ళ మీద హక్కు రాయలేదు. ఆ సాయంత్రం వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్తుంటే పాపం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సుబ్బాయమ్మకి చూసే హక్కే గాని మార్చే హక్కు లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అలా చూస్తూనే నిలబడింది.

మర్నాటికి పెట్టె పెనంలా కాలింది. లైటు ఎర్రబడింది.

"ఆకుపచ్చగా ఉండాలంది కదండీ!" అని కంగారుపడి, సుబ్బాయమ్మ తన ఆకుపచ్చ బొట్టుబిళ్ళ తీసి దాని మీద అంటించింది. ఇంకేముంది, అందరికీ భయం పోయింది. కాసేపటికి పొగ కూడా వచ్చింది.

"పాపం, రాత్రంతా చదివింది కదా," అన్నాడు పోతురాజు.

ఆదివారం పొద్దున్నే మాణిక్యాంబ గారు వచ్చేసరికి పెట్టె చచ్చి ఊరుకుంది. గవర్రాజు రేష్మాకి ఫోను చేశాడు.

"వెనకాల ఏమైనా అడ్డం పెట్టారా సార్?"

"అడ్డమేం లేదమ్మా, హక్కులే పెట్టాం."

"పాత పెట్టె ఉందిగా సార్?" అంది రేష్మా.

"లేకేం! భద్రంగా ఉంది," అని దర్జాగా ఫోను పెట్టేశాడు గవర్రాజు.

మాణిక్యాంబ గారికి ప్రాణం లేచొచ్చింది. "ఎవరింట్లో ఉందిరా?"

"మీ తమ్ముడు దత్తుడు గారింట్లోనండీ."

"వాడి చేతిలోనే పెట్టారట్రా!" అని అరిచింది ఆవిడ.

"కంగారెందుకండీ?" అన్నాడు గవర్రాజు. "ఫైళ్ళతో పని లేనివాళ్ళు కావాలంది కదా ఆ అమ్మాయి! అసలా షష్టిపూర్తికే వెళ్ళలేదని ఆయన ఒట్టేసి మరీ చెబుతున్నారాయె. ఆ వీడియోతో అంతకన్నా పని లేని మనిషి ఊళ్ళో ఎవరున్నారు? అందుకే తుడిచే హక్కు కూడా ఆయనకే రాసిచ్చాం. వాళ్ళింట్లో కంప్యూటరుకి తగిలించి మరీ వచ్చాం."

"పరిగెత్తండ్రా! పట్టుకురండ్రా!" అని గోలపెట్టింది ఆవిడ.

ఇంతలో ఫోను మోగింది. దత్తుడు గారే! పోతురాజు వినయంగా లేచి నిలబడ్డాడు.

"చిత్తమండీ... షష్టిపూర్తి అని ఉంటుంది, దాని మీద నొక్కండి... కింద చెత్తబుట్ట బొమ్మ ఉందాండీ?"

మాణిక్యాంబ గారు ఫోను లాక్కోబోయారు. గవర్రాజు చేతులడ్డం పెట్టాడు. "తప్పమ్మగారూ! అట్ట మీద మీ పేరు లేదు."

"నిజంగా తుడవాలా అని అడుగుతుందండీ, అవును అనండి... నోటితో కాదండీ, వేలితో..."

పోతురాజు ఫోను పెట్టేసి, మొహమంతా వెలిగిపోతూ ఆవిడ వైపు తిరిగాడు.

"ఒక్క నొక్కుకే పోయిందటండీ! హక్కులు భేషుగ్గా పనిచేస్తున్నాయి!"