కానుగ మొదట్లో డిసెంబరు పూలు

అనగనగా ఒక అడవి కాదు, ఒక వీధి. సముద్రపు గాలి తగిలే పెద్ద ఊళ్లో బస్సులూ ఆటోలూ తిరిగే వీధి. అడవిలో ఉండే జంతువులన్నీ అక్కడ లేవు. కొన్ని మాత్రం ఉండేవి.

ఆ వీధి పక్కన ఒక కానుగ చెట్టు ఉండేది. దాని మీద చారలమ్మ అనే ఉడుత తన ముగ్గురు పిల్లలతో కాపురం ఉండేది. చెట్టు కింద మట్టిలో ఎర్రతాత అనే ముసలి వానపాము ఉండేవాడు. చెట్టు నీడలో నూకాలు అనే ఆమె ఇస్త్రీ బండి పెట్టుకునేది. నూకాలుకి జంతువుల మాటలు వచ్చు. ఎలా వచ్చంటారా పిల్లలూ? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏళ్ల తరబడి ఒకే చెట్టు కింద నిలబడితే మీకూ వస్తాయి.

ఒకసారి రోడ్డు వేసినవాళ్లు చెట్టు మొదలు దాకా సిమెంటు పోసేశారు. అప్పట్నుంచి ఎంత వాన పడినా నీళ్లన్నీ జారి కాలవలోకి పోయేవి. చెట్టుకి చుక్క దక్కేది కాదు. ఆకులు పసుపెక్కాయి. పైకొమ్మలు ఎండాయి.

ఆషాఢంలో ఒకరోజు సింహాద్రి అనే అతను గొడ్డలితో వచ్చాడు. ఊళ్లో ఎండిన చెట్లు కొట్టడం అతని పని. బెరడు గీరి చూసి పెదవి విరిచాడు.

"ఇది ఎండిపోతోంది. గాలికి ఎవరి నెత్తినైనా పడుతుంది. వచ్చే ఏడు దసరా దాకా చూస్తాను. అప్పటికీ పచ్చబడకపోతే కొట్టేస్తాను" అన్నాడు.

గూట్లో ఉన్న చారలమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. కింద నూకాలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది.

"బాబూ, ఆ సిమెంటు పగలగొట్టి పెట్టు. మిగతాది మేం చూసుకుంటాం" అంది.

సింహాద్రి మంచివాడే. చెట్టు చుట్టూ మంచమంత జాగాలో సిమెంటు పగలగొట్టి వెళ్లాడు.

ఎర్రతాత తల బయటపెట్టి గాలి పీల్చుకున్నాడు. "ఇక్కడ మొక్కలు వెయ్యండర్రా. వాటి వేళ్లు దిగితే నేల గుల్లబారుతుంది. నీళ్లు లోపలికి ఇంకుతాయి" అన్నాడు.

"ఏ మొక్కలు తాతా?" అని చారలమ్మ అడుగుతూనే ఉంది, కరెంటు తీగ మీంచి డాబు కాకి అందుకుంది. దానికి అన్నీ తెలుసని దాని నమ్మకం.

"తళతళలాడే రంగు పూలు వెయ్యండి! దుకాణంలో బోలెడున్నాయి. ఇవాళ పెడితే ఇవాళే కళ!"

చారలమ్మకీ నూకాలుకీ ఆ మాట నచ్చింది. నూకాలు పెద్ద పెద్ద పూల మొక్కలు తెచ్చింది. గునపంతో పెద్ద పెద్ద గోతులు తవ్వింది.

"ఆగమ్మా! నీ గునపానికి తగిలేది రాయి కాదు, వేరు!" అని లోపల్నుంచి ఎర్రతాత అరిచాడు. అప్పటికే రెండు వేళ్లు తెగిపోయాయి.

పూలు నిజంగానే కళకళలాడాయి. దారినపోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకున్నారు. కానీ వాటికి రెండు పూటలా నీళ్లు కావాలి. పది రోజులు వాన మొహం చాటేసేసరికి అన్నీ తలలు వేలాడేశాయి. కానుగ ఇంకాసిని ఆకులు రాల్చింది.

"మట్టి చాల్లేదు. చెట్టు మొదట్లో గుట్టలా పొయ్యండి" అంది కాకి.

నూకాలు తట్టలతో మోసి నడుమెత్తు మట్టి పోసింది. వానలు మళ్లీ పట్టుకున్నాయి. మట్టిలో కూరుకుపోయిన బెరడు నాని మెత్తబడింది. తెల్లగా బూజు పట్టింది. అంతవరకూ నోరెత్తని కానుగ మెల్లగా అంది.

"అమ్మా నూకాలూ, నాకు ఊపిరాడటం లేదే."

"ఒలమ్మ! ఎంత పని చేశాను!" అని నూకాలు ఆ మట్టంతా చేతులతోనే లాగేసింది. చారలమ్మ కళ్లు తుడుచుకుంటూ ఎర్రతాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, నువ్వు ఈ మట్టిలోనే పుట్టావు. నిన్ను వదిలేసి కాకి మాట విన్నాం. ఇప్పుడైనా చెప్పు."

"ఈ నేలలో పుట్టినవాటినే తెండి. డిసెంబరు పూలు, ముళ్లగోరింట, విష్ణుక్రాంత. ఒకసారి నాటితే ఏళ్లూ పూళ్లూ ఉంటాయి. ఎండకి పైన మాడినా కింద బతికే ఉంటాయి. చిన్నవే తెండి. పెద్ద మొక్కకి గునపం కావాలి. చిన్న మొక్కకి నీ గోరు చాలు" అన్నాడు ఎర్రతాత.

నూకాలు వాళ్ల అక్క పెరటి దడి నుంచి వేలెడేసి మొక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. చారలమ్మ గోళ్లతో గుంటలు తీసింది. గోరుకి వేరు తగిలితే "క్షమించు తల్లీ" అని పక్కకి జరిగేది. రెండు రోజుల్లో ఇరవై మొక్కలు నాటారు.

చలికాలంలో నాలుగంటే నాలుగు ఊదారంగు పూలు పూశాయి. కాకి పడీ పడీ నవ్వింది. వేసవి వచ్చేసరికి ఆ నాలుగూ లేవు, ఆకులూ లేవు. నేల మీద ఇరవై పుల్లలు మిగిలాయి.

"చూశారా! పీకి పారేసి మళ్లీ రంగు పూలు పెట్టండి. దసరా వచ్చేస్తోంది!" అంది కాకి.

నూకాలుకి భయం పట్టుకుంది. వంగి ఒక పుల్ల మీద చెయ్యి వేసింది. చారలమ్మ చటుక్కున దిగి ఆ చేతికి అడ్డంగా కూర్చుంది.

"వద్దు నూకాలక్కా. రెండుసార్లు తొందరపడ్డాం. ఈసారి ఆగుదాం."

"ఒలే, చెట్టు మీద నీ పిల్లలున్నారే!"

"ఉన్నారు కాబట్టే ఆగుదామంటున్నాను."

నూకాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వేసవంతా ఇస్త్రీ బట్టల మీద చిలకరించగా మిగిలిన నీళ్లు ఆ పుల్లల మొదట్లో పోసింది. చారలమ్మ రాలిన ఆకులు ఏరుకొచ్చి చుట్టూ కప్పింది. ఏ పుల్లా చిగురించలేదు. అయినా పీకలేదు.

తొలకరి పడింది. నాలుగోరోజు పొద్దున్న చారలమ్మ పెట్టిన కేకకి వీధంతా లేచింది.

"చిగురు! చిగురు!"

ఇరవైలో పదిహేడు లేచాయి. నెలరోజుల్లో నేలంతా అల్లుకున్నాయి. పడిన వాన పడినట్టే లోపలికి దిగింది. శ్రావణం నాటికి కానుగ కొమ్మల్లో లేత ఆకులు మిలమిలలాడాయి. విష్ణుక్రాంత నీలిపూల మీద తేనెటీగలు మూగాయి.

దసరాకి సింహాద్రి వచ్చాడు. బెరడు గీరాడు. కింద పచ్చగా ఉంది.

"ఏ మందేశావమ్మా?" అని ఆశ్చర్యపోయాడు. ఎండిన రెండు కొమ్మలు మాత్రం కొట్టి కిందికి దిగాడు.

"మందూ లేదు, మాకూ లేదు. దీని అడుగున దీని చుట్టాలే ఉన్నాయి" అంది నూకాలు నవ్వుతూ.

"అయితే అమ్మా, ఈ వీధిలో ఇంకా పద్నాలుగు చెట్లున్నాయి. వాటి చుట్టూ కూడా సిమెంటు నేను తీస్తాను. మరి గుంటలెవరు తీస్తారు?"

చారలమ్మ తోక ఎగరేసుకుంటూ తన ముగ్గురు పిల్లల్నీ వరసగా నిలబెట్టింది. మర్నాటి నుంచే వాటికి పని నేర్పడం మొదలుపెట్టింది. పెద్దది చక్కగా తవ్వింది. రెండోది వంకరగా తవ్వింది. మూడోది గుంట తీసి, మొక్క మాట మరిచిపోయి, అందులో తనే పడుకుని నిద్రపోయింది.

నీతి: నేల ఎరిగిన చిన్న మొక్కని నాటి ఓపిక పట్టినవాడికే పెద్ద చెట్టు నీడ దక్కుతుంది.