మాలకొండయ్య ఎందుకు తూలాడు

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు. మాలకొండయ్య అనే తాపీమేస్త్రీ ఉన్నాడు. అతను కట్టిన గోడ పక్కన తాడుకి కట్టిన తూకంగుండు వేలాడదీస్తే వెంట్రుకంత తేడా ఉండేది కాదు. కళ్ళు మూసుకుని విను తల్లీ. ఈ కథలో ఒక రాక్షసి ఉంది. భయపడకు, అదిప్పుడు ముసలిదైపోయింది.

ఆ ఊళ్ళో సారా ఎక్కువైంది. మగవాళ్ళు తాగొచ్చి పెళ్ళాల్ని కొట్టేవాళ్ళు. అప్పుడు ఆడవాళ్ళంతా ఒకటై సారా కొట్టు మూయించారు. అది మంచి పనే. ఆ తర్వాత, పక్కూరికి పోయి తాగొస్తున్నారేమోనని కాపలా పెట్టారు. ఆ కాపలాకి పెద్ద కోటమ్మ. చేతిలో చింతబరికె, నోట్లో నీతులు.

"అమ్మమ్మా, కోటమ్మంటే నీ పేరేగా?"

"నా పేరే. ఆ కోటమ్మని నేనే. పడుకుని విను."

ఎవరి మీదైనా అనుమానం వస్తే మూడు పరీక్షలు పెట్టేవాళ్ళం. ముగ్గుపిండితో గీసిన గీత మీద నడవాలి. లక్ష్మీనరసింహస్వామి అని మూడుసార్లు తడబడకుండా అనాలి. అంచుదాకా నీళ్ళు పోసిన చెంబు ఒలకకుండా పట్టుకెళ్ళాలి.

ఒక ఎండాకాలం మాలకొండయ్య కాళ్ళు ఎడంగా వేసి, పడవలో నిలబడ్డవాడిలా నడవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే వాంతులు. అప్పుడు అతను బడికి కడుతున్న ప్రహరీ వంకరపోయింది. ఇంకేం కావాలి మాకు? పట్టుకొచ్చి నడివీధిలో నిలబెట్టాం.

గీత మీద నడవమంటే మూడడుగులకే పక్కకి పడ్డాడు. స్వామి పేరు అనమంటే మాట ముద్దముద్దగా వచ్చింది. చెంబు అందుకోబోతే చెయ్యి వణికి, సగం నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

అతని పెళ్ళాం చెంచమ్మ పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఆయన ఏనాడూ సారా ముట్టలేదు. తల పగిలిపోతోందని పొద్దున్నే ఏడుస్తున్నాడు, నా మాట నమ్ము!"

"మొగుణ్ణి వెనకేసుకొచ్చింది చాల్లేవే," అన్నాను. "తాగుబోతుల పెళ్ళాలందరిదీ ఇదే పాట."

"వాసన రావట్లేదక్కా," అని ఇంకొకావిడ మెల్లగా అంది.

"జామాకు నమిలుంటాడు," అన్నాను.

ఆ తర్వాత ఖాళీ సారా ప్యాకెట్లు దండగుచ్చి అతని మెళ్ళో వేశాం. మూడు వీధులు తిప్పాం. దండ వేసింది ఈ చేతులే. అతను తల దించుకుని, పడుతూ లేస్తూ నడిచాడు.

ఆ రోజు నుంచి మాలకొండయ్య గడప దాటలేదు. వైద్యానికి పోదాం రమ్మని చెంచమ్మ బతిమాలితే, "ఏ మొహంతో బయటికి రాను?" అన్నాడట. నెల తిరిగేసరికి పెరట్లో పడిపోయాడు. అప్పుడు జీపులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేనూ ఎక్కాను. సాయానికి కాదు తల్లీ. తాగి పడ్డాడని డాక్టరుకి చెబుదామని ఎక్కాను.

డాక్టరమ్మ నాకన్నా చిన్నది. నేను నోరు తెరవగానే చెయ్యెత్తి ఆపింది. అన్ని పరీక్షలూ చేయించింది. ఆ తర్వాత చెంచమ్మనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. ఏదీ, నీ తల ఇలా తిప్పు, నీకూ చూపిస్తాను.

పెద్దవాళ్ళ పిడికిళ్ళు రెండూ కలిపితే ఎంతో, మెదడు సుమారు అంత. ఇదిగో, నుదుటి దగ్గర్నుంచి నడినెత్తి దాటి వెనక్కి ఉండేది పెద్ద మెదడు. మడతలు మడతలుగా ఉంటుంది. చూసింది తెలుసుకునేది, విన్నది గుర్తుపెట్టుకునేది, మంచీ చెడూ ఆలోచించేది అదే. దానికి రెండు సగాలు. ఎడమ సగం కుడిచేతిని ఆడిస్తుంది, కుడి సగం ఎడమచేతిని.

ఇక్కడ, నీ జడ మొదలయ్యే చోట, వెనక కింద ఉండేది చిన్న మెదడు. నడక తూలకుండా, చెయ్యి గురి తప్పకుండా, మాట ముద్ద కాకుండా సరిచూసేది అది.

దాని ముందునుంచి మెడలోకి దిగేది మెదడు కాడ. నువ్వు నిద్రపోయాక కూడా ఊపిరి తీయించేది, గుండె వేగం చూసుకునేది ఆ కాడే.

"ఈయన చిన్న మెదడులో ఉసిరికాయంత గడ్డ లేచింది," అంది డాక్టరమ్మ. "అందుకే తూలాడు. పెద్ద మెదడుకి ఏమీ కాలేదు. ఎవరేమన్నా ఆయనకి అంతా తెలుస్తూనే ఉంది. ఒక నెల ముందు తెచ్చుంటే చెయ్యి దక్కేదేమో."

చెంచమ్మ నావైపు చూసింది. తిట్టినా బాగుండేది. ఊరికే చూసింది.

ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ప్రాణం నిలిచింది. చెయ్యి మాత్రం వణుకుతూనే ఉండిపోయింది. ఆ చేత్తో మళ్ళీ తాపీ పట్టలేదు.

అప్పుడు నేను ఊళ్ళో అందరినీ పిలిచి చెప్పాను. "మాలకొండయ్య తాగలేదు. తప్పు నాది."

"నీకేం తెలుసక్కా, పాపం," అన్నారు.

"తెలియదు. తెలియనప్పుడు అడగాలి. చెంచమ్మ అడక్కుండానే చెప్పింది, నేను వినలేదు."

ఆ తర్వాత అతని ఇంటికి వెళ్ళాను. మొదటిసారి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండోసారి చెంచమ్మ తలుపు తియ్యలేదు. మూడోసారి అతనే పలికాడు. మాట నెమ్మదిగా, ఈడ్చినట్టు వచ్చింది.

"నాకు చెప్పొద్దక్కా. నా బిడ్డకి చెప్పు. అది నన్ను తాగుబోతనుకుంటోంది."

ఆ పిల్ల పేరు అంకాళి. తొమ్మిదేళ్ళది, నీ అంతే. పెరట్లో ఒక్కతే కూర్చుని ఉంది. నేను కింద కూర్చుని, ఇప్పుడు నీకు చూపించినట్టే దాని తల మీద చెయ్యి పెట్టి పెద్ద మెదడు, చిన్న మెదడు, కాడ, మూడూ చూపించాను. "మీ నాయన ఒక్క చుక్క తాగలేదమ్మా. జబ్బు మనిషికి నేను దండ వేశాను. తప్పు చేశాను," అన్నాను.

పిల్ల వెక్కుతూ అంది, "అత్తా, ఆ రోజు మా బడి ముందు నుంచే తీసుకెళ్ళారు. ఆయన మీ నాయనేనా అని పిల్లలడిగితే, నేను కాదన్నాను. నాయనకి వినబడే ఉంటుందా?"

అతనికి అంతా వినబడుతూనే ఉందని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"కాదన్నది నువ్వు కాదమ్మా, నీచేత అనిపించింది నేను," అన్నాను. దాన్ని చెయ్యి పట్టుకుని నాయన దగ్గరికి తీసుకెళ్ళాను. అతను వణికే చేత్తోనే బిడ్డని దగ్గరికి లాక్కున్నాడు. నావైపు మాత్రం చూడలేదు. నేను బయటికొచ్చేశాను.

"మరి నిన్ను క్షమించాడా అమ్మమ్మా?"

"లేదు. నేనూ అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు."

కథ వెళ్ళింది కంచికి,
నిద్ర వచ్చింది నీ కంటికి,
సిగ్గు మిగిలింది నా ఇంటికి.